చద్దన్నం ఆర్డరు

మన బడి నుంచి ఈమధ్య హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరే పిల్లలు ఎక్కువయ్యారు. బరంపురంలో ఎవరు కనబడినా అడిగేది ఒకటే: "అన్నా, ఇంటర్న్‌షిప్‌కి ఏ హోటల్ మంచిది? స్టైపెండ్ ఎంతిస్తారు?" సంచికకి ఏదో ఒకటి రాయమన్నారు కదా, ఆ జవాబే ఇక్కడ రాసేస్తాను.

మా కోర్సులో ఒక సెమిస్టరంతా ఇండస్ట్రియల్ ట్రైనింగే, అంటే ఈ ఇంటర్న్‌షిప్పే. ఫ్రంటాఫీసు, హౌస్‌కీపింగు, సర్వీసు, కిచెను... నాలుగూ తిరగాలి, ఏం నేర్చుకున్నామో లాగ్‌బుక్‌లో రాయాలి. నాకు పడింది దూరంగా ఓ పెద్ద పేరున్న హోటలు. సర్వీసులో నెలన్నర గ్లాసులే తుడిచాను. వేడినీళ్ల ఆవిరి పట్టి, పోగులు రాలని గుడ్డతో తుడవాలని నేర్చుకోడానికి ఒక్క పూట చాలు. మిగతా రోజులన్నీ మనిషి తక్కువై నన్ను నిలబెట్టారు, అంతే. లాగ్‌బుక్‌లో చూడకుండానే సంతకం పెట్టేసేవారు. స్టైపెండ్ మాత్రం అక్కడే ఎక్కువ, అదీ చెప్పాలి.

ఆ తర్వాత సెలవుల్లో నేనే అడిగి గోపాల్‌పూర్‌లో ఓ చిన్న హోటల్లో చేరాను. ఇంటికి 15 కిలోమీటర్లు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను అక్కడే తీరం దాటింది. నేను వెళ్లింది మరుసటి ఎండాకాలం. ఒడ్డున సరుగుడు చెట్లు ఇంకా పడే ఉన్నాయి.

ఒక సాయంత్రం సోంపేట నుంచి ఓ కుటుంబం దిగింది. వాళ్ల మామ్మ "పొద్దున్నకి చద్దన్నం పెట్టించు బాబూ" అంది. సర్వీసు చూసుకునే కెప్టెన్‌ది కలకత్తా, ఒక్క ముక్క అర్థం కాలేదు. నన్ను పిలిచారు. నేను వెళ్లి చెఫ్‌కి ఒడియాలో "పఖాళ" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. స్టాఫ్ మెస్‌లో రోజూ ఉండేదే. కానీ అది ఇవ్వనివ్వలేదు.

"నువ్వే చెయ్యి. రేపు ఆవిడకి కడుపునొప్పొస్తే నిన్నే ముందుకు తోస్తా."

అన్నం వార్చాక వేడి మీదే నీళ్లు పోయబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. ట్రేలో పల్చగా పరిచి చల్లార్చమన్నాడు, వేడన్నం ముద్దగా ఉంటే లోపల వెచ్చదనం గంటల తరబడి పోదట. కాచి చల్లార్చిన నీళ్లు, పైన ఒక చెంచా పెరుగు. "పులుపు ముందు పట్టుకుంటే పాడుచేసే కంటికి కనబడని పురుగులకి చోటుండదు." మా అమ్మా పెరుగు చుక్క వేసేది, ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి రెండుసార్లు లేచి మూత తీసి వాసన చూశాను, టెన్షన్‌తో.

పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వేయించి నలిపిన వడియాలతో పట్టుకెళ్లాను. మామ్మ తిని "ఉప్పు చాల్లేదు" అంది. చెఫ్‌కి చెబితే ఆ మాటే లాగ్‌బుక్‌లో రాయించి, కింద సంతకం పెట్టాడు.

సాయంత్రం వాళ్లబ్బాయి కూడా అదే కావాలన్నాడు. ఆ రాత్రి బియ్యం నేనే కొలిచాను. చెఫ్ చూడ్డానికి కూడా రాలేదు.