బర్మింగ్‌హామ్‌లో కారు కొనబోయి నేర్చుకున్నది (నా అనుభవం)

నైట్ షిఫ్టులు మొదలయ్యాక తెల్లవారుజామున బస్సు కోసం నిలబడలేక సెకండ్‌హ్యాండ్ కారు కొనాలనుకున్నాను. శనివారం ఒకటి చూశాను, బాగా నచ్చింది. ఆ రాత్రే ఓనర్ మెసేజ్ పెట్టాడు: "2,400 పౌండ్లకి మీకు ఇస్తాను, ఆదివారం సాయంత్రంలోగా చెప్పండి." నేను మనకున్న బేరం అలవాటు కొద్దీ "2,200 ఇస్తాను" అన్నాను. కుదరదన్నాడు. గంట ఆగి "సరే, 2,400కే తీసుకుంటా" అని పెట్టాను. జవాబు లేదు. ఆదివారం మధ్యాహ్నం అడిగితే వేరేవాళ్లకి అమ్మేశానన్నాడు.

గడువు ఇంకా ఉంది, అడిగిన ధరకే ఒప్పుకున్నాను, ఇది మాట తప్పడం కాదా? ఆ కోపంతోనే ఉచిత న్యాయ సలహా ఇచ్చేచోటికి మెసేజ్‌లన్నీ పట్టుకుని వెళ్లాను.

అక్కడి సొలిసిటర్ అవన్నీ చదివి 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్ కేసు చెప్పారు. రెంచ్ తన పొలాన్ని 1,000 పౌండ్లకి ఇస్తానన్నాడు, హైడ్ 950 అన్నాడు, రెంచ్ ఒప్పుకోలేదు, అప్పుడు హైడ్ వెయ్యికే సరేనన్నాడు, కానీ ఒప్పందం లేదని కోర్టు తేల్చింది. 950 అన్న క్షణమే ఆ వెయ్యి ఆఫర్ చచ్చిపోయింది. నా 2,200 కూడా అంతే. తర్వాత నేను పెట్టిన 2,400 అతని ఆఫర్‌కి అంగీకారం కాదు, నా వైపు నుంచి కొత్త ఆఫర్, దానికి అతను ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మరి గడువు మాటేమిటి అన్నాను. ప్రతిఫలం ఏమీ తీసుకోకుండా "ఫలానా రోజుదాకా ఉంచుతాను" అన్న మాట అతన్ని కట్టిపడేయదట, 1876లో డికిన్సన్ వర్సెస్ డాడ్స్‌లో అదే చెప్పారు. శుక్రవారం ఉదయం 9 దాకా ఆఫర్ ఉంటుందన్న మనిషి గురువారమే ఇంకొకరికి అమ్మాడు, అయినా కోర్టు అతని పక్షానే తీర్పిచ్చింది.

నాకిది చాలా బాధనిపించింది. మన దగ్గర బేరం తెగకపోతే "పోనీ, మీరు చెప్పిందే ఇస్తా" అంటే ఆ ధర అలాగే ఉంటుందనుకుంటాం. నిజానికి మన కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 7 కూడా అంగీకారం షరతుల్లేకుండా పూర్తిగా ఉండాలనే అంటుంది, నేనే ఎప్పుడూ చదవలేదు.

రెండో కారు ఓనర్ ఒకావిడ, ధర 2,650. ఈసారి అంకె చెప్పకుండా "ధరలో ఏమైనా తగ్గే వీలుందా?" అని మాత్రమే అడిగాను. అది ఉత్త విచారణ, ఆఫర్‌ని చంపదు. లేదన్నారు. ఆలోచించుకోవడానికి బుధవారం రాత్రిదాకా ఎవరికీ అమ్మకుండా ఉంచితే 50 పౌండ్లు ఇస్తాను, కొంటే ధరలో తగ్గించండి, కొనకపోతే మీరే ఉంచుకోండి అని రాశాను. ఆవిడ "ఓకే" అని జవాబిచ్చాకే డబ్బు పంపాను.

మంగళవారం మెకానిక్‌కి చూపించి, "2,650కి ఒప్పుకుంటున్నాను" అని ఇంకో షరతు కలపకుండా పంపాను. బుధవారం మిగతా 2,600 కట్టి, తాళాలు తీసుకుని, నేరుగా షిఫ్టుకే వెళ్లాను.