ఆర్చ్ బ్రిడ్జి స్తంభాలను ఎందుకు తోయదు

రాజమండ్రి, కొవ్వూరు మధ్య గోదావరి మీద 28 జతల విల్లులు వరసగా నిలబడ్డ రైలు వంతెన ఫోటో చూడని తెలుగువాళ్ళు అరుదు. ఆ విల్లులు అందం కోసం పెట్టారని చాలామంది అనుకుంటారు. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో కొందరు దాన్ని మామూలు ఆర్చ్ వంతెన కిందే జమ కట్టేస్తారు. రెండూ సరికావు. మామూలు ఆర్చ్ రాతినేల మీద నిలబడేది. దాన్ని తీసుకొచ్చి ఇసుకలో పునాదిగా దించిన బావుల (బోలుగా ఉండే గుండ్రటి కాంక్రీటు గోడల) మీద పెడితే నిలవదు. ఇక్కడ నిలిచిందంటే దాని లోపల పని వేరే రకంగా జరుగుతోందని అర్థం.

మన పెంకుటిళ్ళ కప్పు గుర్తు చేసుకోండి. రెండు వైపుల నుంచి వచ్చిన వాసాలు పైన వెన్ను దగ్గర కలుస్తాయి. పెంకు బరువు పడగానే వాసాల కాళ్ళు బయటికి జారాలని చూస్తాయి, గోడల్ని తోస్తాయి. అందుకే వడ్రంగి అడ్డదూలం వేసి రెండు కాళ్ళనూ కట్టేస్తాడు. అడ్డదూలం కోసేసి అటక ఎత్తు పెంచుకున్న ఇళ్ళలో, నాలుగు వానాకాలాలు గడిచేసరికి గోడ పైభాగం బయటికి ఒరిగి, మూలల్లో నిలువు పగులు వస్తుంది. ఆర్చ్ చేసేదీ ఇదే తోపుడు, కాకపోతే వేల రెట్లు పెద్దది.

ఎంత పెద్దదో ఒక లెక్క వేద్దాం. సమంగా పరుచుకున్న బరువుకి ఆర్చ్ కాళ్ళ దగ్గర అడ్డంగా వచ్చే తోపుడు కావాలంటే, మీటరు బరువుని పొడవు వర్గంతో గుణించి, ఆర్చ్ ఎత్తుకి ఎనిమిది రెట్లతో భాగించాలి. గోదావరి ఆర్చ్ బ్రిడ్జిలో ఒక్కో స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) స్తంభం నుంచి స్తంభానికి 97.55 మీటర్లు, బేరింగుల (స్తంభం తల మీద స్పాన్ చివర్లు కూర్చునే ఆనుల) మధ్య 94 మీటర్లు. సొంత బరువు మీటరుకి 20 టన్నులు, విల్లు ఎత్తు 15 మీటర్లు అని ఉదాహరణకి అనుకుందాం. తోపుడు సుమారు 1,470 టన్నులు వస్తుంది. అదే స్పాన్ నుంచి ఒక్కో చివర కిందికి దిగే బరువు 940 టన్నులే. అంటే కిందికి నొక్కేదాని కన్నా పక్కకి తోసేదే ఎక్కువ. ఎత్తు తగ్గించి విల్లుని ఇంకా చదునుగా చేస్తే తోపుడు ఇంకా పెరుగుతుంది. 10 మీటర్ల ఎత్తుకి అది 2,200 టన్నులు దాటుతుంది.

పక్క స్పాన్ ఎదురు తోస్తుంది కదా, సరిపోతుందిగా అంటారు. సొంత బరువు మట్టుకు నిజమే. పి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 1850ల్లో కట్టిన పాత అక్విడక్టులో 49 తోరణాలు ఆ సూత్రం మీదే నిలిచాయి. పైన అప్పట్లో పారిన కాలవ నీళ్ళు, కింద గోదావరి పాయ, మధ్యలో ప్రతి తోరణమూ తన పొరుగు తోరణాన్ని ఆనుకుని ఉంటుంది. అక్కడ పైనున్న బరువు కాలవ నీళ్ళు. అవి అన్ని తోరణాల మీదా ఒకే మట్టంలో ఉండేవి. రైలు అలా కాదు. ఒక స్పాన్ మీద ఉంటుంది, పక్కదాని మీద ఇంకా ఎక్కి ఉండదు. మీటరుకి 8 టన్నుల రైలు అనుకుంటే, ఎదురులేని తోపుడు దాదాపు 590 టన్నులు. దాన్ని స్తంభం తల మీద అడ్డంగా పెట్టి, కింద బావిని ఇసుక పట్టుకునే చోటు దాకా ఓ 40 మీటర్ల లోతు ఉందనుకుని గుణించి చూడండి, 23,600 టన్ను-మీటర్ల వంపు. దానికి ఆగాలంటే బావి ఎంత లావు కట్టాలో ఆలోచించండి. ఇంకో చిక్కు కూడా ఉంది. వరసలో ఒక తోరణం పడితే పక్కదానికి ఆసరా పోతుంది, ఆ తర్వాతది, ఆ తర్వాతది. అందుకే పాతకాలపు పొడవాటి తోరణ వంతెనల్లో కొన్నింటికి ఒక స్తంభం లావుగా కట్టేవారు, కూలడం అక్కడితో ఆగాలని.

అందుకని గోదావరి మీద విల్లుకి నారి కట్టారు. రైలు నడిచే కాంక్రీటు బాక్స్ గర్డరే (లోపల బోలుగా ఉండే పెట్టె లాంటి దూలమే) ఆ నారి. పైన రెండు కాంక్రీటు విల్లులు, వాటి నుంచి కిందికి దిగిన హ్యాంగర్లు గర్డర్ని మోస్తాయి. విల్లుల కాళ్ళు విడిపోకుండా అదే గర్డర్ లాగి పట్టుకుంటుంది. తోపుడంతా లోపల్లోపలే తేలిపోతుంది. స్తంభం దాకా వచ్చేది నిలువు బరువు, కొంచెం బ్రేకు బలం, గాలి. బయటి నుంచి చూసే స్తంభానికి అది మామూలు దూలంతో సమానం. దీన్నే బోస్ట్రింగ్ గర్డర్ అంటారు. 28 స్పాన్లూ దేనికదే విడిగా కూర్చుంది, ఒకదానితో ఒకటి కలపలేదు. ఇది కూడా మట్టి చూసి తీసుకున్న నిర్ణయంలాగే కనిపిస్తుంది. ఒక బావి రెండు మూడు సెంటీమీటర్లు దిగినా స్పాన్ కాస్త వాలుతుంది, లోపల కొత్త బలాలు పుట్టవు. బేరింగు దగ్గర జాకీ వేసి ఎత్తి సరిచేసుకోవచ్చు. కలిపి కట్టిన వంతెనలో అదే దిగుడు పగుళ్ళు తెస్తుంది.

ఇంత పెద్ద స్పాన్ ఎందుకు అన్నదానికి జవాబు నీళ్ళ కింద ఉంది. 1897లో మొదలుపెట్టి 1900లో తెరిచిన అక్కడి పాత రైలు వంతెన హేవలాక్ బ్రిడ్జికి 150 అడుగుల స్పాన్లు 56. 1974 నాటి రోడ్ కం రైలు బ్రిడ్జికి 91.5 మీటర్లవి 27, 45.72 మీటర్లవి 7. ఆర్చ్ బ్రిడ్జికి 28. నది వెడల్పు మారలేదు, బావుల సంఖ్య సగానికి పడిపోయింది. ఒక స్తంభం పునాదితో కలిపి ఎంతవుతుందో, ఒక స్పాన్ గర్డర్లకీ దాదాపు అంతే అయిన చోట మొత్తం ఖర్చు తక్కువ. బావి దించడం ఖరీదైన కొద్దీ స్పాన్ పెంచుకోవాల్సిందే.

బావి ఎంత లోతు దించాలో చెప్పేది వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. అంటే సెకనుకి సుమారు 99,000 ఘనపు మీటర్లు. 2,700 మీటర్ల వెడల్పుకి పంచితే మీటరుకి 36.7. ఇంత పెద్ద పరివాహక ప్రాంతానికి పునాది లెక్కలో ఇంకో 10 శాతం కలపాలి, 40 అనుకుందాం. ఇసుక రేణువు సగటున అర మిల్లీమీటరు అయితే సిల్ట్ ఫ్యాక్టర్ (ఇసుక ఎంత ముతకో చెప్పే అంకె) 1.25. వరద నది అడుగుని ఎంత లోతు కోస్తుందో చెప్పే లేసీ సూత్రంలో 40 వర్గాన్ని 1.25తో భాగించి, ఘనమూలం తీసి, 1.34తో గుణిస్తే సగటు కోత సుమారు 14.5 మీటర్లు. స్తంభం చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతాయి కాబట్టి అక్కడ దానికి రెట్టింపు, 29 మీటర్లు. ఇది వరద మట్టం నుంచి కిందికి కొలిచే లోతు. ఆ గుంట అడుగు నుంచి ఇంకో మూడో వంతు, అంటే 10 మీటర్ల దాకా, బావి పట్టు ఉండాలి. వెరసి వరద మట్టానికి దాదాపు 39 మీటర్ల కింద. ఎండాకాలంలో లంకల పక్కన మోకాలి లోతు నీళ్ళు చూసినవాళ్ళకి ఈ అంకె అతిగా అనిపిస్తుంది. ఆగస్టులో అదే చోట నది అడుగు కదులుతూ ఉంటుంది.

ఇక బావి దించడం. నీళ్ళు తగ్గాక ఇసుకతో దిబ్బ వేసి, దాని మీద ఉక్కు కటింగ్ ఎడ్జ్ (ఇసుకని కోసే అంచు), పైన కర్బ్ (గోడకి అడుగున ఉండే వలయం), ఆపైన స్టీనింగ్ అనే గుండ్రటి గోడ పోస్తారు. లోపల గ్రాబ్ (క్రేనుకి వేలాడే ఇనుప కోర) వేసి ఇసుక తీస్తుంటే బావి తన బరువుతో దిగుతుంది. పైన ఇంకో విడత గోడ పోస్తారు, మళ్ళీ తవ్వుతారు. చెప్పడానికి ఇంతే. ఎక్కడ మొరాయిస్తుందో చూడండి. 8 మీటర్ల బావికి 1.4 మీటర్ల మందం గోడ ఉందనుకుంటే, నీళ్ళలో మునిగిన భాగం మీటరుకి 40 టన్నుల బరువు. చుట్టూ ఇసుక రాపిడి చదరపు మీటరుకి 2 టన్నులు అనుకుంటే మీటరుకి 50 టన్నులు. బరువు కన్నా రాపిడి ఎక్కువ, బావి ఆగిపోతుంది. అప్పుడు పైన బరువులు పేర్చడం, గోడ బయట పైపుల్లో నీటి జెట్ కొట్టి ఇసుకని వదులు చేయడం దారులు. గోడ మందం తగ్గించి కాంక్రీటు మిగుల్చుకున్న డిజైన్ ఇక్కడే ఆ మిగులంతా పోగొట్టుకుంటుంది.

ఆగిపోయిన బావి దగ్గర అందరికీ తోచే అడ్డదారి, లోపలి నీళ్ళు తోడేయడం. నీటి ఎత్తుడు తగ్గి బరువు పెరుగుతుంది, బావి కదులుతుంది, నిజమే. కానీ బయట నీటిమట్టం ఎక్కువ, లోపల తక్కువ అయ్యేసరికి కర్బ్ కింది నుంచి ఇసుక ఉడుకుతున్నట్టు లోపలికి పొంగుతుంది. ఒక పక్క ఇసుక ఖాళీ అయి బావి అటు ఒరిగిపోతుంది, ఒక్కోసారి క్షణాల్లో. లోపల మనుషులు ఉంటే ప్రాణాలు పోతాయి. ఇసుకలో పని చేసేటప్పుడు లోపలి నీటిమట్టాన్ని బయటి మట్టానికి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉంచడమే పద్ధతి. దీనికి మినహాయింపు వెతకకండి.

రోడ్డు వంతెనల నియమాల్లో ఒరుగుడుకి అనుమతి 80కి 1, పక్కకి జరుగుడు 150 మిల్లీమీటర్లు. మొదటి నాలుగైదు మీటర్లలోనే బావి ఎక్కువ ఒరుగుతుంది, ఎందుకంటే అప్పటికి చుట్టూ పట్టుకునే మట్టి లేదు. సరిచేయడం తేలికైందీ అప్పుడే. ఎత్తుగా ఉన్న వైపు తవ్వాలి, ఆ వైపే బరువు పెట్టాలి, ఆ వైపే బయట జెట్ కొట్టాలి. 20 మీటర్లు దిగాక ఒరిగిన బావి లాగినా రాదు. ప్రతి అర మీటరు దిగుడుకీ నాలుగు దిక్కులా లెవెల్ చూసి పుస్తకంలో రాసుకునే సైట్లలో ఈ గొడవ దాదాపు ఉండదు.

పైకి వద్దాం. నారిగా పనిచేసే గర్డర్ కాంక్రీటు. కాంక్రీటుకి లాగుడు గిట్టదు. మన ఉదాహరణలో సొంత బరువుకీ రైలుకీ కలిపి 2,060 టన్నుల లాగుడు. గర్డర్ అడ్డుకోత వైశాల్యం 5 చదరపు మీటర్లయితే చదరపు మిల్లీమీటరుకి 4 న్యూటన్లు దాటుతుంది, పగులుతుంది. అందుకే హై టెన్సైల్ తీగలతో ముందే నొక్కి ఉంచాలి. 12.7 మిల్లీమీటర్ల స్ట్రాండ్ (పేనిన ఉక్కు తీగ) ఒక్కొక్కటి, నష్టాలన్నీ పోగా 11 టన్నులు నిలుపుకుంటే, 190 దాకా కావాలి. 19 తీగల కేబుళ్ళు పది. అదీ లాగుడుకి మాత్రమే, వంపుకి వేరే.

ఈ ముందస్తు నొక్కుడు (ప్రీస్ట్రెస్) అంతా ఒకేసారి ఇవ్వకూడదు. విల్లు బరువు, హ్యాంగర్ల లాగుడు ఇంకా రాకముందే మొత్తం నొక్కితే గర్డర్ కుంచించుకుని పైకి వంగుతుంది. విల్లు పోశాక ఎక్కువ నొక్కితే కాళ్ళు దగ్గరికొచ్చి విల్లు నెత్తి పైకి లేస్తుంది, విల్లులో అక్కర్లేని వంపు పుడుతుంది. గర్డర్‌కి కొంత, విల్లు గట్టిపడి హ్యాంగర్లు బిగించాక కొంత, పట్టాలు, వాటి కింది కంకర బరువు వచ్చేముందు మిగతాది. ప్రతి దశలోనూ జాకీ గేజ్ ఒక్కటే చూస్తే చాలదు, తీగ ఎంత సాగిందో కొలిచి లెక్కతో పోల్చాలి. గేజ్ సరిగ్గా చూపించి సాగుడు తక్కువగా ఉందంటే తీగ వెళ్ళే గొట్టంలో (డక్టులో) ఎక్కడో అది పట్టేసిందని అర్థం.

హ్యాంగర్లలో ముందు జబ్బు పడేవి పొట్టివి, స్పాన్ చివర్ల దగ్గరవి. రైలు ఎక్కినప్పుడు విల్లుకీ గర్డర్‌కీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల కదలిక వస్తుంది. మధ్యలో పొడుగు హ్యాంగర్‌కి అది లెక్కలోకి రాదు. పొట్టిదానికి అదే కదలిక పెద్ద కోణం, చివర వంగుడు, అలసట. పైగా కింది చివర వాన నీళ్ళు నిలిచే చోటు. వంతెన తనిఖీకి వెళ్ళేవాళ్ళు అక్కడి తొడుగు విప్పి చూడాలి, పైన రంగు బావుంది కదా అని వదిలేయకూడదు. బిగువు కొలవడానికి తంబురా తీగ సూత్రమే వాడతారు. 8 మీటర్ల హ్యాంగర్, మీటరుకి 40 కిలోలు, 60 టన్నుల బిగువు అయితే సెకనుకి సుమారు 7.6 సార్లు ఊగుతుంది. 50 టన్నులకి పడిపోతే 7 సార్లు. తేడా చిన్నదే అయినా యాక్సిలరోమీటరుకి (ఊపు కొలిచే పరికరానికి) స్పష్టంగా దొరుకుతుంది. పొట్టి హ్యాంగర్లలో మాత్రం రెండు చివర్లూ గట్టిగా బిగిసి ఉండటం వల్ల ఊపు ఎక్కువగా కనిపించి, లేని బిగువు ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి వాటిని పాత కొలతతోనే పోల్చాలి.

బేరింగుల సంగతి క్లుప్తంగా. 94 మీటర్ల గర్డర్ 30 డిగ్రీల తేడాకి 34 మిల్లీమీటర్లు సాగుతుంది, కుంచించుకుంటుంది. కదలాల్సిన బేరింగు దుమ్ముతో బిగిసిపోతే, విల్లు స్తంభాన్ని తోయకుండా మనం పడ్డ శ్రమంతా వృథా చేస్తూ ఎండే తోస్తుంది. తుపాను గాలి సంగతీ అంతే ముఖ్యం. సెకనుకి 50 మీటర్ల గాలి చదరపు మీటరుకి 150 కిలోలు నొక్కుతుంది. బ్రాడ్ గేజ్ వంతెన మీద అంతకు మించి గాలి ఉంటే రైలు లేదనుకునే లెక్క కడతారు. అందుకే గాలి కొలిచే యంత్రం, సిగ్నల్ ఆపడం వంతెన డిజైన్‌లో భాగమే.

చివరికి మళ్ళీ అడుగుకే రావాలి. కోతని వరద తగ్గాక కొలిచి సరేననుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. వరద దిగుతుంటే గుంటలోకి వదులు ఇసుక తిరిగి నిండుతుంది. సెప్టెంబరులో తాడు వేస్తే అడుగు మామూలుగానే తగులుతుంది, ఆగస్టులో అక్కడ ఎంత లోతు పడిందో తెలియదు. కొలిస్తే నీళ్ళు ఉరవడిగా ఉన్నప్పుడే సోనార్‌తో (ధ్వనితో లోతు కొలిచే పరికరంతో) కొలవాలి. వంతెనల దగ్గర ఇసుక తవ్వకం మీద నాకున్న కోపం కూడా దీనివల్లే. కోత గుంట అడుగు నుంచి బావికి మిగిలిన పట్టు 10 మీటర్లే. నది అడుగు ఒక మీటరు దిగితే ఆ గుంట కూడా మీటరు దిగుతుంది, పట్టు తొమ్మిదికి వస్తుంది. మీద విల్లు ఎప్పటిలాగే కనిపిస్తూ ఉంటుంది.