డ్రిల్ మాస్టారూ, సున్నం బకెట్టూ

మా ఊరి హైస్కూల్లో ఆటల పోటీలంటే జనవరి 26కి ముందు వారం. ఆ వారమంతా పాఠాలుండవు కాబట్టి ఆటలొచ్చిన వాళ్లకీ రాని వాళ్లకీ ఒకటే పండగ, నాకు తప్ప. వంద మీటర్ల పరుగులో ఏటా క్రమం తప్పకుండా ఆఖరున వచ్చేదాన్ని. ఏడో క్లాసులో గోనెసంచి పందెంలో బోర్లా పడి మోకాలు దోక్కుపోతే గ్రౌండంతా నవ్వింది, డ్రిల్ మాస్టారు తప్ప.

అలాగని ఆయన ఓదార్చిందీ లేదు. సొట్టలు పడ్డ బకెట్లో సున్నం పోసి చేతికిచ్చి, "ఏటమ్మా, అలా కూర్చున్నావు? ఖోఖో కోర్టు గియ్యి, గీత వంకరపోతే మళ్లీ గీయిస్తాను" అన్నారు. గీస్తూ గీస్తూ ఆట అర్థమైంది. కూర్చున్న ఎనిమిది మందీ ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి ఉంటారు, తరిమేవాళ్లు మధ్య గీత దాటకూడదు, వెనక్కి తిరగకూడదు, తప్పించుకునేవాళ్లకి ఆ అడ్డేమీ లేదు. "పరుగు రానివాళ్ల కోసమే పెట్టారమ్మా ఈ ఆట, మధ్య గీత చివర పాతిన పోల్ దగ్గర తిరగడం నేర్చుకో చాలు" అన్నారు మాస్టారు. (పచ్చి అబద్ధం. తర్వాత తెలిసింది.) ఇక రోజూ బడి వదిలాక ఎడమ చేత్తో పోల్ పట్టుకుని, ఒళ్లంతా బయటికి వాల్చి గిర్రున తిరగడమే పని. అరచేతులు బొబ్బలెక్కి, వాటిమీద సున్నం పడితే భగ్గుమనేది.

ఆ ఏడే, 2000 సెప్టెంబర్‌లో, సిడ్నీలో కరణం మల్లేశ్వరికి వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో మన దేశం ఆడపిల్లకి అదే మొదటి పతకం, ఆమెదేమో మా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట! మర్నాడు మాస్టారు పేపరు పట్టుకొచ్చి ఆమె రెండు రకాలుగా ఎత్తిన బరువులు బోర్డు మీద 110, 130, మొత్తం 240 కిలోలని రాశారు. "బంగారం రెండున్నర కిలోల్లో పోయిందర్రా. మీ ఇంట్లో వారం బియ్యం కూడా కాదది" అంటుంటే ఆయన గొంతు బొంగురుపోయింది, ఈల నోట్లో పెట్టుకుని అటు తిరిగిపోయారు.

జనవరిలో పదో క్లాసు అమ్మాయిలతో ఫైనల్. ఓడిపోయాం. కానీ నేను పోల్ చుట్టూ తిరుగుతూ మూడు నిమిషాలు దొరకలేదు, నా పేరు పెట్టి అరుస్తున్నారు జనం! ఆయాసపడుతూ వెళ్లి మాస్టారి ముందు నిలబడ్డాను, ఏదైనా అంటారేమోనని.

"గీతలన్నీ తొక్కేశారు కదమ్మా, మధ్యాహ్నం అబ్బాయిల కబడ్డీ ఉంది" అని బకెట్ నా చేతికిచ్చారు.