పప్పు ఉడకని రాత్రి

క్యాంపర్‌వ్యాన్‌లో సముద్రం పక్కపక్కనే నిదానంగా తిరిగొద్దామని నాలుగు నెలలు ప్లాన్ చేశాను. ఏ ఊళ్లో పడుకోవాలి, ఎక్కడ ఏం తినాలి, బండి ఎత్తు ఎంత, చెట్ల కొమ్మలు తగలని రోడ్డు ఏది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. నీళ్ల గురించి మాత్రం ఒక్క ముక్కే రాసుకున్నాను, ట్యాంకు 100 లీటర్లు అని. తిరిగొచ్చి నెల దాటింది. ఆరు రోజుల ట్రిప్పులో నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదిలేది ఆ ట్యాంకే.

బండి సంగతి ముందు చెప్పాలి. ట్రావెలర్ బండినే లోపలంతా మార్చేసి, కింద ఇద్దరికి, పైన ఇద్దరికి పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి, సింకు, ఓ మూల బాత్రూమ్ పెట్టారు. డ్రైవరు కూడా వాళ్ల మనిషే. అద్దె రోజుకి 9,000, డీజిలు మనదే. ఆ డబ్బుతో మేం నలుగురం దారి పొడుగునా మంచి హోటళ్లలో దిగొచ్చని మా ఆయన లెక్క వేసి చూపించారు, లెక్కలో తప్పు లేదు. కానీ నాన్నకి మోకాళ్ల నొప్పులు, హోటలు మెట్లు ఎక్కలేరు. పైగా సముద్రం పక్కన నిద్ర లేవాలని మా బాబు ఏడాదిగా అడుగుతున్నాడు. సరే అనుకున్నాం.

సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరాం. మామూలు హైవే మీద వెళ్తే సముద్రం వాసన కూడా తగలదని 216 నంబరు హైవే పట్టుకున్నాం. కత్తిపూడిలో మొదలై కాకినాడ, అమలాపురం, రాజోలు, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా పోయే రోడ్డు అది. మ్యాప్‌లో చూస్తే తీరాన్ని ఆనుకునే ఉంటుంది, తీరా వెళ్తే దాని మీద నుంచీ సముద్రం కనపడదు, ప్రతిసారీ ఎడమ వైపు తిరిగి పల్లెటూరి రోడ్డులో పది, పదిహేను కిలోమీటర్లు లోపలికి పోవాల్సిందే. ఉప్పాడ దగ్గర మాత్రం సముద్రం రోడ్డు మీదకే వచ్చేసింది. కోత ఆపడానికి వేసిన బండరాళ్ల మీద అలలు విరిగి నీళ్లు అద్దాల మీద పడుతుంటే బాబు కేకలే కేకలు. ఆ గంట కోసం 9,000 ఇచ్చినా బాధ లేదనిపించింది.

రెండో రాత్రి అంతర్వేదిలో. దారిలో పాశర్లపూడి దాటుతుంటే నాన్న, 1995లో ఇక్కడ గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండిందని బాబుకి చెప్పారు. నాన్నది మలికిపురం దగ్గర పల్లె. ఇప్పుడక్కడ మాకెవరూ లేరు, ఇల్లు అమ్మేసి ఇరవై ఏళ్లయింది. అందుకే ఆ ఊరి మలుపు దగ్గర బండి ఆపమంటారా అని అడిగితే వద్దన్నారు. కాసేపటికే నిద్రపోయారు. అంతర్వేది చేరేసరికి చీకటి పడుతోంది, ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. ఒక సత్రం వాళ్లు పాపం పైపు ఇచ్చి, కావలసినన్ని పట్టుకోమన్నారు. బోరు నీళ్లు. తేటగా ఉన్నాయి. నిండా పట్టేశాం.

ఆ రాత్రి కందిపప్పు కుక్కర్లో పెట్టాను. ఐదు విజిల్స్ వచ్చాక తీస్తే బద్ద బద్దగా అలాగే ఉంది. మళ్లీ పెట్టాను. మొత్తం పదకొండు విజిల్స్. గరిటెతో మెదిపితే గరిటె కింద నుంచి గింజ జారిపోతోంది తప్ప నలగదు. కొట్టువాడు పాత పప్పు అంటగట్టాడని నేను, కుక్కర్ గాస్కెట్ పోయిందని మా ఆయన. చిన్న బండిలో, ఆవిరిలో, ఆకలి మీద ఉన్నప్పుడు మాట ఎంత తొందరగా పెరుగుతుందో చెప్పలేను. అప్పుడు నాన్న లేచి కూర్చుని, ఒక బద్ద నోట్లో వేసుకుని నమిలి, గ్లాసులో నీళ్లు కాస్త పుక్కిలించి ఉమ్మేశారు.

"నీళ్లెక్కడ పట్టారమ్మా?"

చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. పెరుగన్నం పెట్టమన్నారు.

మర్నాడు పొద్దున్నే సఖినేటిపల్లి రేవుకి వచ్చాం. పంటు మీద, అంటే బళ్లని కూడా దాటించే పెద్ద పడవ మీద, వశిష్ఠ గోదావరి దాటితే ఎదురుగా నరసాపురం. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చు కానీ పంటు ఎక్కాలని నా నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. పంటు వాళ్లు మా బండిని చుట్టూ తిరిగి చూసి, ఇప్పుడు నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి, పోటెక్కాక పెద్ద బండిని ఎక్కిస్తాం అన్నారు. ఎంతసేపు అంటే రెండు గంటలన్నారు. ఈలోగా టీ పెడదామని పాలు పోస్తే విరిగిపోయాయి. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. గిన్నె పట్టుకుని కిందకి దిగి ఆ విరుగుడు పారబోస్తుంటే, పక్కనే ఇడ్లీ బండి పెట్టుకున్న ఆవిడ చూసింది.

"ఆ నీళ్లెందుకు పట్టారండీ? ఈ పక్కంతా ఉప్పేనండి. పప్పుడకదు, టీ ఇరిగిపోద్ది, తలకి పోసుకుంటే జుట్టు పీచులా అయిపోద్ది. మమ్మల్ని అడిగితే చెప్పేవోళ్లం కదండీ."

అడగలేదు. నాలుగు నెలల ప్లాన్‌లో ఒక్క మనిషినీ అడగలేదు.

ఆవిడ ఇడ్లీ పాత్ర మీద మూత పెట్టి, వాళ్లబ్బాయిని పిలిచింది. ఊళ్లో నీళ్ల ప్లాంటు ఉందట, ఇరవై లీటర్ల క్యాను పది రూపాయలు, మోపెడ్ మీద తెచ్చినందుకు యాభై. ముందు ట్యాంకు ఖాళీ చెయ్యాలి. డ్రైవరు బండి కిందకి దూరి కాక్ తిప్పితే ఆ 100 లీటర్లూ ఇసకలోకి పోవడానికి అరగంట పట్టింది. తర్వాత తెలిసింది, ట్యాంకు నోరు చిన్నది, క్యానులోంచి పోస్తే సగం బయటే పోతోంది. పైపు తప్ప ఇంకేదీ పనికిరాదన్నట్టు తయారుచేశారు దాన్ని, మన పల్లెల్లో పైపు నీళ్లు ఎన్నింటికొస్తాయో ఎప్పుడు ఆగిపోతాయో వాళ్లకేం తెలుసు. ఆవిడే ఒక కూల్‌డ్రింక్ సీసా తెచ్చి, ఇడ్లీ బండి మీది కత్తితో అడుగు కోసేసి, మూతి ట్యాంకులోకి దించి, చేత్తో గట్టిగా పట్టుకుంది. డ్రైవరు పోస్తున్నాడు. అయిదు క్యాన్లు. ఆవిడ మోచేతి దాకా తడిసిపోయింది, గాజుల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి, మధ్యలో ఎవరో ఇడ్లీ అడిగితే "ఉండండి బాబూ, నీళ్లు పడుతున్నాం" అంది.

ఆ డ్రైవరు కుర్రాడిది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. రెండు రోజులుగా మాతో పెద్దగా మాట్లాడలేదు. ఖాళీ క్యాను కింద పెట్టి అన్నాడు, "ఇక్కడి నీళ్లు ఉప్పగ ఉన్నయ్ కాబట్టి జెప్పన తెలిసిపోయింది అక్కా. మా బోరు నీళ్లు తియ్యగనే ఉంటుండె. అందుకే తెల్వక తాగిన్రు. మా తాత నడుము మొత్తం వంగిపోయింది." నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ ఎముకల్ని ఇలా వంచేస్తుందని పేపర్లలో ఎన్నిసార్లు చదివానో. కృష్ణా నీళ్లు రాకముందు ఆ ఊళ్లు ఎలా ఉండేవో ఫొటోలూ చూశాను. కానీ నీళ్లు రుచిగానే ఉండేవన్న మాట ఎప్పుడూ తట్టలేదు నాకు. ఇడ్లీ ఆవిడ సీసా పట్టుకునే అతని వంక చూస్తూ "అయ్యో" అంది.

నాన్న రేవు గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. డిగ్రీ చదివిన మూడేళ్లూ ఇదే రేవు దాటి నరసాపురం వెళ్లారాయన. ఆవిడ "ఎవరి తాలూకండీ?" అని అడిగాక మాటల్లో పడ్డారు. మంచినీళ్ల చెరువు నుంచి కావిడితో రెండు బిందెలు తెచ్చాకే బడికి పంపేదట మా నాయనమ్మ. కాలువ నీళ్లు ఎర్రగా ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపేది, తెల్లారేసరికి మడ్డి అడుక్కి పోయేది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకోవడం ఊరందరికీ పండగంత పని. బోరు నీళ్లు గేదెలకే. ఇవన్నీ ఆయనకి తెలుసు, మేం పైపు పట్టుకున్నప్పుడు నిద్రలో ఉన్నారు, అంతే. నేను ఆ ఊరి మనవరాలిని, నాకు చిల్లగింజ అన్న మాటే ఆ రోజు దాకా తెలియదు. కాసేపు సిగ్గనిపించింది.

పోటెక్కింది. పంటు మీద దాటడానికి పావుగంట పట్టిందేమో, నాన్న ఆ కాసేపూ రెయిలింగ్ పట్టుకుని నిలబడే ఉన్నారు, మోకాళ్లు గుర్తు రాలేదు. మధ్యాహ్నం పేరుపాలెం బీచ్ దగ్గర సర్వి చెట్ల కింద అదే పప్పు, అదే కుక్కర్, మూడు విజిల్స్. వెన్నలా ఉడికింది. ఆవకాయ వేసుకుని అయిదుగురం కింద చాప మీద కూర్చుని తిన్నాం.

బందరు, మంగినపూడి గురించి రాయడానికేమీ లేదు, వాన పడింది, బండిలోనే పడుకున్నాం. ఆ తర్వాత రోజు మోపిదేవిలో దర్శనం చేసుకుని పులిగడ్డ వంతెన ఎక్కుతుంటే నాన్న అద్దం దించమన్నారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన దివిసీమ అది. అప్పుడు కాలేజీ కుర్రాళ్లతో కలిసి సాయం చెయ్యడానికి వచ్చారట. నాకు నలభై ఏళ్లు, ఈ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు. "అన్నం పొట్లాలు పట్టుకెళ్లాం. వాళ్లు నీళ్లు అడిగారు. బావులన్నీ సముద్రం నీళ్లే" అన్నారు. ఇంకేమైనా చెబుతారేమోనని చూశాను. వంతెన దాటాక అద్దం ఎత్తించేశారు.

సూర్యలంకలో ఆఖరి రెండు రాత్రులు. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే చోటు కోసం చీరాల దాకా తిరిగాం, రెండు పెట్రోలు బంకుల్లో కసురుకున్నారు, చివరికి ఒక కల్యాణమండపం వాచ్‌మన్ 200 తీసుకుని సెప్టిక్ ట్యాంకు మూత తీశాడు. బళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఈ ఒక్క ఏర్పాటు లేకుండా రోజుకి 9,000 ఎలా అడుగుతారో నాకు కోపంగానే ఉంది. బండి అప్పగించేటప్పుడు హీటరు కాయిల్ మీద ఉప్పు పేరుకుందని 1,500 కోసుకున్నారు కూడా. ఒక్క రాత్రి నీళ్లకే అంత పేరుకుంటుందా అని అడిగితే జవాబు లేదు.

డిసెంబరులో ఉత్తరం వైపు, భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా వెళ్దామనుకుంటున్నాం. కొత్త నోటుబుక్కు తీశాను. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు విడిగా, ఒక గరాటు, చీరాలలో కొన్న పొడుగు పైపు. నాన్న నిన్న పక్కన కూర్చుని మొదటి పేజీ చూసి, బారువలో నీళ్లు ఎలా ఉంటాయో కనుక్కున్నావా అని అడిగారు. సోంపేటలో మా పిన్ని కూతురుంది. ఫోన్ చేశాను, ఎత్తలేదు, సాయంత్రం మళ్లీ చెయ్యాలి.