పేస్‌మేకర్ పెట్టుకున్నంక మోటరు ముట్టొచ్చా?

నేను కళ్లు తిరిగి పడ్డంక ఈసీజీ తీస్తే నాడి నిమిషానికి 34. గుండె పై గదులు వాటి పాటికి కొట్టుకుంటున్నయ్, ఆ సిగ్నల్ కింది గదులకు దిగుతలేదు. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నరు. గోలీలతోని పొయ్యేది కాదని హన్మకొండలనే పేస్‌మేకర్ పెట్టిన్రు, అంటే చిన్న కరెంటు దెబ్బతోని గుండెను కొట్టించే డబ్బా. ఎడమ రొమ్ము పైన తోలు కింద డబ్బా, నెత్తురు నరంలకెళ్లి గుండెలకు రెండు వైర్లు.

మొదటి ఆరు వారాలు చెయ్యి సంగతే పెద్దది. మోచెయ్యి భుజం దాటి లేవద్దు, బకెట్ మొయ్యద్దు. వైరు కొస గుండె కండకు ఇంకా కుదురుకోదు, జారుతది. జారితే మళ్ల కళ్లు తిరుగుతయ్, లేదంటే కరెంటు రొమ్ముకు పొట్టకు నడుమ ఉండే కండకు (డయాఫ్రం) తగిలి ఆగకుండ ఎక్కిళ్లొస్తయ్. అట్లని అసలే కదపకుంటే భుజం పట్టేస్తది. కుట్ల కాడ ఎరుపు, చీము కనబడితే ఆ రోజే దవాఖానకు పోవాలె.

డబ్బా కొట్టే దెబ్బ రెండు మూడు వోల్టులే. మొదట కొంచెం ఎక్కువ పెట్టి, మూడు నెలలకు తగ్గిస్తరు. ఆ చెకప్ ఎగ్గొడితే బ్యాటరీ ఉత్తగ కరుగుతది.

ఇగ బావి కాడి మోటరు. డబ్బా ఎప్పుడూ గుండెను వింటుంటది, గుండె తనంతట తాను కొడితే ఊకుంటది. ఎర్తింగ్ లేని మోటరు బాడీ ముట్టినప్పుడు ఒంట్లకు పాకే 50 హెర్ట్జ్ లీకేజీని గుండె సిగ్నల్ అనుకొని కూడా ఊకోవచ్చు. లీకేజీ అయితే కరెంటు కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉన్నదని ధీమా వద్దు, అంతకన్నా చాలా తక్కువ లీకేజీకే డబ్బా మోసపోతది. 'జిమ్మంటది, ఏం కాదులే' అనే లీకేజీ మాకు నడవది. తల తిరిగినట్టయితే చెయ్యి తీసి దూరం జరగాలె, డబ్బా మళ్ల అందుకుంటది.

అయస్కాంతంతోని ఉల్టా. దగ్గరికొస్తే చాలా డబ్బాలు వినుడు మాని ఒకే వేగంతోని కొడుతనే ఉంటయ్, తీస్తే మామూలే. ఫోన్ల, డీజే బాక్సుల అయస్కాంతాలుంటయ్, అందుకే ఫోన్ చొక్కా జేబుల వద్దు, 15 సెంటీమీటర్లు దూరం. డీజే బాక్సు ఎదకు ఆనించి మొయ్యద్దు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం. వెల్డింగ్‌కు డాక్టరు ఒప్పుకుంటేనే. అప్పుడు కూడా ఎర్త్ క్లాంపు పని జాగకు దగ్గర్నే, రెండు కేబుళ్లు జంటగ.

మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీల కరెంటు మిషన్‌తోని లోపలికి వేడి పెట్టే డయాథర్మీ మాత్రం అసలే వద్దు, వైర్లు వేడెక్కి కొస కాడ గుండె కండ కాలుతది. ఎంఆర్ఐ అంటే డబ్బా, వైర్లు రెండూ దానికి పనికొచ్చేవై ఉండాలె, ముందు సెట్టింగ్ మార్పించాలె. మోడల్ నంబర్లు పేస్‌మేకర్ కార్డు మీద ఉంటయ్, స్కాన్ రాసే డాక్టరుకే చూపెట్టున్రి.