కొండపల్లి ఘాట్ ఎక్కేవాళ్ళు సాన్‌రెమో రోడ్డుకి భయపడక్కర్లేదు

విజయవాడలో మా పొద్దున సైకిల్ బ్యాచ్‌లో ఎవరైనా ఇటలీ సైక్లింగ్ అన్నారంటే చాలు, అబ్బో అవన్నీ ఆల్ప్స్ ఎక్కేవాళ్ళకండీ, మనం ఉండవల్లి నుంచి కరకట్ట మీద అమరావతి దాకా వెళ్ళొచ్చి టిఫిన్ చేసేవాళ్ళం, మనకెందుకు అని తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు ఉండబట్టదు. మధ్యధరా సముద్రం ఒడ్డున లిగూరియాలో అలాస్సియో నుంచి సాన్‌రెమో దాకా రోడ్డు నేను తొక్కి చూశాను కాబట్టి చెప్తున్నా, కొండపల్లి కోట ఘాట్‌ని మధ్యలో ఒకట్రెండు సార్లు ఆగి అయినా ఎక్కగలిగేవాళ్ళు ఎవరైనా ఆ రోడ్డు హాయిగా తొక్కొచ్చు.

మా తమ్ముడు తురిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఏప్రిల్‌లో వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు వాడే తీసుకెళ్ళాడు. వాడికి సొంత సైకిల్ ఉంది, నాకు అలాస్సియోలో అద్దెకి తీసుకున్నాం.

ముందు ఆ రోడ్డుకి అంత పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. 1907లో మొదలైన మిలాన్-సాన్‌రెమో రేసు ఏటా మార్చిలో చివరి భాగం ఆ రోడ్డు మీదే నడుస్తుంది, మొత్తం దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు, ప్రొఫెషనల్స్ ఒక్క రోజులో తొక్కే పెద్ద రేసుల్లో అంత పొడుగుది ఇంకోటి లేదు. బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ 7 సార్లు గెలిచింది ఇదే. మొదట్లో చివరి కొండలు ఇన్ని లేవు, గుంపంతా కలిసొచ్చి ఫినిష్ దగ్గర స్ప్రింట్‌లో తేలిపోతోందని 1960లో పొజ్జో అనే క్లైంబ్ కలిపారు, అదీ సరిపోలేదని 1982లో చిప్రెస్సా కలిపారు. ఇప్పుడు ఈ రెండిటి కొలతలు చూడండి. చిప్రెస్సా 5.6 కిలోమీటర్లు, సగటు 4.1 శాతం, అంటే వంద మీటర్లు ముందుకెళ్తే నాలుగు మీటర్ల చిల్లర పైకి. పొజ్జో అయితే 3.7 కిలోమీటర్లే, సగటు 4 శాతం కూడా లేదు, మహా నిటారుగా ఉన్న చోట 8 శాతం. అంతే! వాళ్ళకి అది కష్టం ఎందుకంటే అప్పటికే కాళ్ళలో 280 కిలోమీటర్లు ఉంటాయి, పైగా పొజ్జోని ఆరు నిమిషాల లోపే ఎక్కేస్తారు. మనం పొద్దున్నే తాజా కాళ్ళతో, చిన్న గేర్లో, మన తీరుబాటుగా ఎక్కుతాం, కొండ అదే అయినా లెక్క వేరు.

నాకు మాత్రం ఆ రెండు పేరున్న క్లైంబ్‌ల కంటే వాటికి ముందొచ్చే మూడు చిన్న కొండలే ఎక్కువ నచ్చాయి. కాపో మెలే, కాపో చెర్వో, కాపో బెర్తా. అక్కడ కొండలు సరాసరి సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంటాయి, రెండు కొండల మధ్య ఉన్న కాస్త చోట్లో ఒక ఊరు, రోడ్డు ఆ ఊరి మధ్యలోంచి వెళ్ళి మళ్ళీ కొండ భుజం మీదకి ఎక్కుతుంది, పైన మలుపు తిరిగేదాకా అవతల ఏ ఊరుందో కనపడదు, తిరగ్గానే కింద ఇంకో ఊరు, పసుపు, గులాబీ, ఇటుక రంగు గోడలు, చర్చి గంట గోపురం, దాని వెనకాల నీలంగా నీళ్ళు. లైగ్వేలియా దాటి మెలే ఎక్కి దిగితే అందోరా, మళ్ళీ ఎక్కి దిగితే చెర్వో. ఈ చెర్వో ఊరు కొండ అంచున మెట్లు మెట్లుగా ఉంటుంది, పైన సముద్రం వైపు తిరిగి పెద్ద బరోక్ చర్చి, ఒకప్పుడు సముద్రంలో పగడాలు తీసే జాలర్ల డబ్బుతో కట్టిందట, అందుకే దాన్ని పగడాలవాళ్ళ చర్చి అంటారు. మేం అక్కడ సైకిళ్ళు గోడకానించి చాలాసేపు కూర్చున్నాం, మా తమ్ముడు వాచీ చూసుకుంటూ "అక్కా, ఇంకా అసలు కొండలు రాలేదే" అంటాడు, "రానీరా, అవెక్కడికి పోతాయి" అన్నాను. నిజంగానే ఆ రోడ్డు మీద టైం చూసుకుని తొక్కడం అన్యాయం.

మూడిట్లో కాపో బెర్తా కాస్త గట్టిది, రెండు కిలోమీటర్ల లోపే కానీ దియానో మరీనా ఫ్లాట్‌లో స్పీడుగా వచ్చి అదే ఊపులో పెద్ద గేరులో మొదలుపెడితే సగంలో ఊపిరి అందదు, మొదటి మలుపుకి ముందే గేరు దించేసుకుని కూర్చునే తొక్కండి. ఇలాంటివి ఎక్కడం దిగడం ఎక్కడం దిగడం రోజంతా ఉంటుంది కాబట్టి కరకట్ట మీద ఒకే వేగంతో మూడు గంటలు తొక్కే అలవాటు ఒక్కటే చాలదు. ఇక్కడి నుంచి వెళ్ళాలనుకునేవాళ్ళు రెండు మూడు నెలల ముందు నుంచీ ఆదివారాలు ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లికి వెళ్ళి ఘాట్ ఎక్కి దిగి వెంటనే మళ్ళీ ఎక్కండి, కుదిరితే అప్పుడప్పుడు కోటప్పకొండ ఘాట్ కూడా. మన ఎండలో ఎక్కినవాళ్ళకి ఏప్రిల్లో అక్కడి చల్లదనంలో ఎక్కడం ఎంత సుఖమో నేను చెప్పినా నమ్మరు.

ఇంకో సంగతి, ఇటలీలో బండ్లన్నీ కుడి పక్కన వెళ్తాయి. అలాస్సియో నుంచి సాన్‌రెమో వైపు వెళ్తుంటే సముద్రం మనకి ఎడమ చేతి వైపు, రోడ్డుకి అవతల ఉంటుంది, మనం కొండ పక్కన పోతాం. అదే తిరుగు దారిలో అయితే సముద్రం వైపు అంచునే తొక్కుతాం, మధ్యలో కార్లు కూడా అడ్డముండవు. అందుకే ఓపిక ఉంటే రెండు వైపులా తొక్కమంటాను.

ఆ ఒడ్డున రోడ్డు మీద ట్రాఫిక్ మనం భయపడినంత ఎందుకు లేదా అని చూస్తే కారణం పైనే కనిపిస్తుంది. లారీలు, దూరం పోయే కార్లు అన్నీ కొండల మీద పెద్ద పెద్ద వంతెనలు, సొరంగాల్లోంచి వెళ్ళే టోల్ హైవే ఎక్కేస్తాయి. కింద ఊళ్ళని కలుపుతూ పోయేది పాత ఔరేలియా రోడ్డు, రోమ్ నుంచి ఫ్రాన్స్ బోర్డర్ దాకా పోయేది, దాని మీద ఊళ్ళవాళ్ళ కార్లు, స్కూటర్లు, మనం. మలుపుల్లో మా వెనకున్న కార్లు హారన్ కొట్టకుండా ఆగాయి, బందరు రోడ్డు మీద తొక్కేవాళ్ళకి ఆ నిశ్శబ్దం కొత్తగా ఉంటుంది.

సాన్ లోరెంజో అల్ మారే దాటాక కుడికి తిరిగితే చిప్రెస్సా మొదలు. రెండు పక్కలా ఆలివ్ తోటలు, రాళ్ళు పేర్చి కట్టిన మెట్ల చేలు, మలుపు మలుపుకీ సముద్రం ఇంకాస్త కిందకి వెళ్తుంటుంది. మధ్యలో ఎక్కడా చంపేసే నిటారు లేదు, ఊపిరి లయ దొరికిందంటే మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. దిగి మళ్ళీ ఔరేలియా మీద ఆర్మా ది తాజా మీదుగా వెళ్తే పొజ్జో. సాన్‌రెమో పూల సాగుకి పేరున్న ఊరు కాబట్టి పొజ్జో కొండ నిండా గాజు షెడ్లే, కొన్ని ఖాళీగా పాడుబడి ఉన్నాయి, రోడ్డు వాటి మధ్యలోంచి పాములా పోతుంది. పైన ఎడమకి తిరిగే చోట ఒక టెలిఫోన్ బూత్ ఉంది, టీవీలో రేసు చూసేవాళ్ళందరికీ అది గుర్తు, ఎవరు ముందు ఆ బూత్ దాటితే వాళ్ళకే గెలిచే ఛాన్స్ అన్నట్టు చూస్తారు. అక్కడి నుంచి దిగుడు మాత్రం జాగ్రత్త, ఎక్కడం కంటే ఇదే కష్టం. గోడల మధ్య ఇరుకు మలుపులు, ఒకదాని వెంట ఒకటి. 2022లో స్లొవేనియా రేసర్ మొహోరిచ్ గెలిచింది ఈ దిగుడులోనే, సీటు కిందకి దించుకునే పోస్టు పెట్టుకుని మరీ దిగాడు. మనకి ఆ తొందరేం లేదు, అద్దె సైకిల్ తీసుకునేటప్పుడే ఏ లివర్ ముందు బ్రేకో, ఏది వెనక బ్రేకో చూసుకోండి, మన సైకిళ్ళకి తిరగేసి ఉండొచ్చు.

మా బ్యాచ్‌లో ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఇరవై ఏళ్ళ గ్యాప్ తర్వాత 2025లో ఆడవాళ్ళ రేసు మళ్ళీ పెట్టారు, జెనోవా నుంచి సాన్‌రెమోకి 156 కిలోమీటర్లు, ఇవే కొండలు, మగవాళ్ళ రేసు ముగిసే వియా రోమా వీధిలోనే ఫినిష్, లోరెనా వీబెస్ గెలిచింది. నేను ఆ వియా రోమా మీద నెమ్మదిగా వెళ్తుంటే, మామూలు షాపులున్న వీధి అది, ఒళ్ళు జలదరించింది.

కొండలు అస్సలు వద్దనుకునే వాళ్ళకి కూడా దారుంది. ఒకప్పుడు రైలు పట్టాలు సరిగ్గా ఒడ్డునే ఉండేవి, 2001లో రైల్వే లైన్‌ని లోపలికి, కొండల కింద సొరంగాల్లోకి మార్చేశారు, మిగిలిన పాత లైన్‌ని అమ్మేసి బిల్డింగులు కట్టకుండా సైకిళ్ళకి ఇచ్చారు. సాన్ లోరెంజో నుంచి ఓస్పెదలెత్తి దాకా 24 కిలోమీటర్లు, రైలు దారి కదా అసలు ఎత్తే ఉండదు, పాత సొరంగాల్లో లైట్లు, పిల్లలు, తాతలు, నడిచేవాళ్ళు, అందరూ దాని మీదే. అది చూసినప్పటి నుంచీ ఏలూరు కాలవ, రైవస్ కాలవ గట్ల మీద వెళ్తుంటే నాకు మనసు ఊరుకోదు. గట్టు మన ఊళ్ళోనూ ఉంది, పక్కన నీళ్ళున్నాయి, ఎత్తుపల్లాలు లేవు, ఎప్పటికైనా బెంజ్ సర్కిల్ వైపు పిల్లలు స్కూలుకి అలా సైకిళ్ళ మీద పోతే చూడాలని ఉంది, గట్టిగా ఉంది.

తిండి గురించి బెంగ వద్దు, ముఖ్యంగా శాకాహారులకి. ఫరీనాతా అని శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాలుస్తారు, మన శనగపిండి అట్టుకి దగ్గర చుట్టం, మిరియాల పొడి చల్లుకుని తింటే మళ్ళీ ఇంకో కొండకి బలం వస్తుంది. నీళ్ళకి ఊరి మధ్యలో కుళాయిలుంటాయి, బాటిల్ నింపుకోవచ్చు, "నోన్ పొతాబిలే" అని రాసుంటే మాత్రం తాగకండి. అలిసిపోతే సైకిల్‌కి వేరే టికెట్ తీసుకుని లోకల్ రైలెక్కి వెనక్కి రావొచ్చు. సైకిల్ అడిగేటప్పుడు ముందు 50, 34 పళ్ళ చక్రాలు, వెనక 32 పళ్ళ దాకా ఉన్న క్యాసెట్ (వెనక చక్రం గేర్ల సెట్) అడగండి, మోకాళ్ళకి మంచిది. వెళ్తే ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్. ఆగస్టులో ఇటలీ అంతా సెలవుల్లో బీచ్‌కే వస్తుంది, ఒడ్డు రోడ్డు కార్లతో కిక్కిరిసిపోతుంది, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్ వానలు అక్కడ మహా గట్టివి.