540 వాట్లా, 575 వాట్లా? మా హన్మకొండ డాబా మీద లెక్క

మా ఇంటికి 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని ఇద్దరు వెండర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. ఒకాయనది 540 వాట్ల మోనో పెర్క్ ప్యానెల్ (కొన్నేళ్లుగా వాడుకలో ఉన్న రకం). రెండో ఆయనది 575 వాట్ల టాప్‌కాన్ (దాని తర్వాత వచ్చిన రకం), అదీ బైఫేషియల్, అంటే రెండు వైపులా అద్దమే, వెనక నుంచి కూడా కరెంటు తీస్తుంది. రెండింటికీ ప్యానెళ్లు ఆరే. పొడవు వెడల్పులూ ఇంచుమించు ఒకటే, ఏడున్నర అడుగులకు కొంచెం తక్కువ పొడవు, పావుతక్కువ నాలుగడుగుల వెడల్పు. తేడా ధరలో. రెండోది పద్దెనిమిది వేలు ఎక్కువ.

"మేడం, ఇది లేటెస్ట్ టెక్నాలజీ, పాతది ఇప్పుడెవరూ వేయించుకోవట్లేదు" అన్నాడు రెండో ఆయన. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. లేటెస్ట్ అన్న మాటకు నా దగ్గర మార్కులు పడవు. డేటాషీట్ పంపమన్నాను. మొదటి ఆయన వెంటనే వాట్సాప్‌లో పెట్టాడు. రెండో ఆయన ముందు పాటతో ఉన్న వీడియో ఒకటి పంపి, మళ్లీ అడిగితే డేటాషీట్ పంపాడు.

575 వాట్లవి ఐదు చాలవా అని మా ఆయన అడిగారు. ఐదైతే 2,875 వాట్లే, మూడు కిలోవాట్లు నిండవు. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల సబ్సిడీ వస్తుంది. మూడు దాటితే పెరగదు. కాబట్టి ఏ ప్యానెల్ అయినా ఆరు వేసుకోవాల్సిందే. ఇంకొకాయన నాన్ డీసీఆర్ ప్యానెళ్లు, అంటే బయటి దేశం సెల్స్‌తో చేసినవి, చాలా తక్కువకు ఇస్తానన్నాడు. వాటికి సబ్సిడీ రాదు. సెల్ (ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే చిన్న పలక) కూడా మన దేశంలోనే తయారైతేనే సబ్సిడీ. బయటి నుంచి సెల్స్ తెచ్చి ఇక్కడ ఫ్రేము బిగించినవి లెక్కలోకి రావు. ఆయనతో మాట అక్కడికే ఆపేశాం.

ఇక ప్యానెళ్ల సంగతి. ప్యానెల్ మీద రాసి ఉండే 540, 575 అనే వాట్లు ల్యాబ్‌లో కొలిచినవి. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వెలుతురు, సెల్ వేడి 25 డిగ్రీలు. హన్మకొండలో మే నెల మధ్యాహ్నం 25 డిగ్రీల సెల్ ఎక్కడ దొరుకుతుంది? ఫ్రిజ్‌లో పెడితే తప్ప. మా వీధి చివరింటి వాళ్లకు ఇంతకుముందే సోలార్ ఉంది. ఎండాకాలంలో కాలేజీ ల్యాబ్‌లోని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అడిగి తీసుకెళ్లి, వాళ్ల ప్యానెల్ కిందికి వంగి వెనక తెల్ల షీట్‌కు గురిపెట్టాను. 66 డిగ్రీలు. లోపల సెల్ ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఆ ఇంటావిడ "మీరు కూడా టీచరే కదా, మా పిల్లలకెందుకు చెప్పరు ఇట్లాంటివి" అని నవ్వింది.

డేటాషీట్లో టెంపరేచర్ కోఎఫిషియంట్ అని ఒక లైను ఉంటుంది, ఎవరూ చూడరు. 25 దాటాక ఒక్కో డిగ్రీకి పవర్ ఎంత శాతం పడిపోతుందో చెప్పే అంకె అది. మాకొచ్చిన మోనో పెర్క్‌కు 0.35, టాప్‌కాన్‌కు 0.30. సెల్ 65 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. 40 డిగ్రీలు ఎక్కువ. మొదటిది 14 శాతం పోగొట్టుకుంటుంది, రెండోది 12 శాతం. అంటే 540 కాస్తా 464 అవుతుంది, 575 ఏమో 506. కాగితం మీద 35 వాట్లున్న తేడా మన ఎండలో 42 అవుతుంది. ఇక్కడ టాప్‌కాన్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. వయసు లెక్కలో కూడా అంతే. మొదటిదానికి 25 ఏళ్ల తర్వాత 84.8 శాతం పవర్ మిగులుతుందని గ్యారంటీ, రెండోదానికి 30 ఏళ్ల తర్వాత 87.4 శాతం.

బైఫేషియల్ మాటకొస్తే నాకంత నమ్మకం కుదరలేదు. డేటాషీట్లో వెనక వైపు నుంచి 5 శాతం వస్తే ఇంత, 15 వస్తే ఇంత, 25 వస్తే ఇంత అని టేబుల్ ఉంది. వెండర్ ఆ చివరి గడి మీదే వేలు పెట్టి చూపించాడు. ఆ 25 రావాలంటే కింద నేల తెల్లగా మెరవాలి, ప్యానెల్ ఎత్తుగా ఉండాలి, చుట్టూ అడ్డం ఉండకూడదు. మాది వానలకు నల్లబడ్డ పాత స్లాబు, చుట్టూ పిట్టగోడ. పైగా ఆ నేల సగం మా అత్తమ్మ రాజ్యం. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఏనుమాముల మార్కెట్ నుంచి మిర్చి తెప్పిస్తుంది. డాబా నిండా ఎర్రగా పరుస్తుంది. ఆ తర్వాత వడియాలు, ఆ తర్వాత చింతపండు. ఎర్ర మిరపకాయల మీద పడి తిరిగొచ్చే వెలుతురుకు ఎన్ని యూనిట్లు వస్తాయో ఏ కంపెనీ టేబుల్‌లోనూ లేదు. కాబట్టి వెనక వైపు ఆదాయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. డాబాకు తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించుకున్న వాళ్లైతే తీసుకోవచ్చు.

ఇప్పుడు అసలు లెక్క, డబ్బులది. వెండర్లు యూనిట్‌కు ఏడో ఎనిమిదో రూపాయలని ఒకటే రేటు పట్టి హెచ్చవేస్తారు. మన తెలంగాణ బిల్లు అట్ల నడవదు, స్లాబుల్లో నడుస్తుంది. నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కు 5.10, ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆపైన 800 దాకా 9.50. అదే వాడకం వంద లోపు ఉంటే మొదటి 50కి 1.95, మిగతా 50కి 3.10. నెట్ మీటర్ పెట్టాక ఏ స్లాబు పడుతుందో చూద్దామని చివరింటి వాళ్ల బిల్లు అడిగి చూశాను. మనం వాడింది మైనస్ ప్యానెల్ ఇచ్చింది, ఆ మిగిలిన యూనిట్లకే స్లాబు వేశారు.

మాకు మే నెలలో 500 యూనిట్ల దాకా అవుతుంది, ఒక ఏసీ, రెండు కూలర్లు, బోరు మోటారు. సోలార్ లేకపోతే కరెంటు చార్జీ ఒక్కటే 3,640 రూపాయలు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే నెలకు దాదాపు 400 యూనిట్లు వస్తాయి (మన దగ్గర కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు పట్టుకోవచ్చు). మిగిలింది వంద. చార్జీ 252 రూపాయల యాభై పైసలు. ఇప్పుడు వాటి బదులు టాప్‌కాన్ పెట్టామనుకోండి. వాట్లు ఎక్కువ, వేడికి తట్టుకోవడం ఎక్కువ, రెండూ కలిపి నెలకు ఇంకో 35 యూనిట్లు వేసుకుందాం. మిగిలింది 65. చార్జీ 144 రూపాయలు. అంటే అదనంగా మిగిలేది నూట ఎనిమిది రూపాయలు చిల్లర!

మొదటి నాలుగు వందల యూనిట్లు మూడు వేల మూడు వందలకు పైగా మిగిల్చాయి. తర్వాతి 35 యూనిట్లు వంద మిగిల్చాయి. ఎందుకంటే సోలార్ యూనిట్లు పై నుంచి కోసుకుంటూ వస్తాయి, ముందు 9.50 వాటిని, తర్వాత 9 వాటిని. ఖరీదైన ప్యానెల్ తెచ్చే ఆఖరి యూనిట్లు అట్టడుగున ఉన్న 3.10 వాటిని కోస్తాయి. వాడకం 120 మిగిలే నెలలో ఆ 35 యూనిట్లు వంద గీత కిందికి దింపుతాయి కాబట్టి రెండు వందల పైన లాభం ఉంటుంది, అది నిజమే. కానీ మిగతా నెలల్లో మా వాడకం 350 నుంచి 400, అప్పుడు ప్యానెల్ ఇచ్చేదే సరిపోతుంది, మిగులు ఖాతాలో పడుతుంది. నెలకు వంద చొప్పున వేసుకున్నా ఏడాదికి 1,200. పద్దెనిమిది వేలు తిరిగి రావడానికి పదిహేనేళ్లు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే రెండో వెండర్ కాసేపు చూసి "మేడం, మీలాంటి కస్టమర్లు నలుగురుంటే మేం దుకాణం మూసుకోవాలి" అన్నాడు. కోపంగా ఏం కాదు, టీ తాగే వెళ్లాడు.

మా ఆయన టెన్షన్ వేరు. రాళ్లవాన. 2022 జనవరిలో నర్సంపేట, పరకాల వైపు పడ్డ రాళ్లవానకు మిర్చి చేన్లు ఎట్ల నేలమట్టమయ్యాయో ఇక్కడి వాళ్లెవరూ మర్చిపోలేదు. రెండు వైపులా అద్దం ఉన్నదే గట్టిది కదా అని ఆయన వాదన. చూస్తే రెండు ప్యానెళ్లకూ ఒకటే సర్టిఫికెట్, 25 మిల్లీమీటర్ల మంచు గోళీని సెకనుకు 23 మీటర్ల వేగంతో పదకొండు చోట్ల కొట్టి చూసే పరీక్ష. మామూలు ప్యానెల్‌కు ముందు అద్దం 3.2 మిల్లీమీటర్లు, రెండద్దాల దానికి ముందు 2, వెనక 2. ముందు నుంచి పడే రాయికి ముందు అద్దమే కదా తట్టుకోవాల్సింది. బరువు మాత్రం రెండోది నాలుగైదు కిలోలు ఎక్కువ.

రాళ్లకన్నా నాకు కోతుల భయం ఎక్కువ. మా కాలనీలో గుంపు వచ్చిందంటే కేబుల్ టీవీ వైరు కూడా మిగలదు. అవి అద్దం మీద దూకినా పెద్దగా ఏం కాదు. కింద వేలాడే వైర్లను పట్టుకుని ఊగుతాయి, కనెక్టర్లు లూజవుతాయి, అక్కడ స్పార్క్ వస్తే ప్రమాదం. అందుకని వైర్లన్నీ పైపులో వేసి, ఫ్రేముకు కట్టేయాలని కొటేషన్‌లోనే రాయించాను. ఏ ప్యానెల్ అయినా ఇది తప్పదు.

నీడ సంగతి ప్యానెల్ రకం కన్నా పెద్దది. మన ఇళ్లలో వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతిలోనే ఉంటుంది, మాదీ అంతే. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలతాడు. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నమే ఇక్కడ 49 డిగ్రీల ఎత్తు దాటడు, సాయంత్రం సరిగ్గా నైరుతి వైపే ఉంటాడు. ట్యాంకు నీడ డాబా మధ్యలోకి పాకుతుంది. జూన్‌లో చూస్తే మధ్యాహ్నం సూర్యుడు మనకు కొంచెం ఉత్తరానే ఉంటాడు, నీడే కనిపించదు. వెండర్లు ఎండాకాలం వచ్చి చూసి "ఎక్కడా నీడ లేదు మేడం" అంటారు. ఇప్పటి ప్యానెళ్లు హాఫ్ కట్ సెల్స్‌వి, అంటే సెల్స్‌ను సగానికి కోసి పైన ఒక భాగం, కింద ఒక భాగంగా కలిపినవి. నిలువుగా పెట్టినప్పుడు కింద సగం మీద నీడ పడ్డా పై సగం పని చేస్తుంది. అది పెర్క్‌లోనూ ఉంది, టాప్‌కాన్‌లోనూ ఉంది.

దాంతో 540 వాట్లదే తీసుకున్నాం. ఆ మిగిలిన పద్దెనిమిది వేలల్లో ఎక్కువ భాగం స్ట్రక్చర్‌కు పెట్టాను. మామూలుగా రెండడుగుల ఎత్తులో పెడతారు, మేం ఏడడుగులకు పెంచాం, మందం జీఐ పైపులు, వేసవి గాలిదుమారానికి ఊగకుండా క్రాస్ బిగింపులు. ఎత్తు పెరిగితే ట్యాంకు నీడ తగ్గింది, కింద గాలి ఆడుతుంది. "గీ అద్దాల కింద నా మిర్చి ఎట్ల ఎండుతది బిడ్డా" అని అత్తమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. దక్షిణం వైపు పది అడుగుల పట్టీ ఆమెకు ఖాళీగా వదిలాం. ప్యానెళ్ల కింది నీడలో ఇప్పుడు ఆమె మంచం వేసుకుంది, అది మా ప్లాన్‌లో లేదు.

కరీంనగర్‌లో మా వదిన ఇదే అడిగితే మాత్రం టాప్‌కాన్ తీసుకోమన్నాను. వాళ్లకు రెండు ఏసీలు, కింద చిన్న జిరాక్స్ షాపు కూడా ఇంటి మీటర్ మీదే (అది వేరే కనెక్షన్ తీసుకోవాలని ఎప్పటి నుంచో చెప్తున్నాను). నెలకు ఎనిమిది వందల దగ్గర. స్థలమేమో ఆరు ప్యానెళ్లకే ఉంది. వాళ్లకు అదనంగా వచ్చే ప్రతి యూనిట్ తొమ్మిది రూపాయల దగ్గర కోస్తుంది. అదే 35 యూనిట్లు వాళ్లకు నెలకు మూడు వందలు. ఐదేళ్లలో వసూలైపోతుంది. రేషన్ కార్డు ఉండి, గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న వాళ్లైతే అసలు ఈ ఖర్చే ఇప్పుడు అక్కర్లేదని నా అభిప్రాయం.

కొటేషన్ తీసుకునేవాళ్లకు ఇంకో రెండు మాటలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో టైపు చేసిన కాగితం చూపిస్తే కొత్తది అడగండి. డెలివరీ రోజు ప్రతి ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబర్‌ను ఫోటో తీసుకోండి, ఆరింటికి ఆరూ, బిగించక ముందే. పైకెక్కాక ఆ స్టిక్కర్లు చదవాలంటే నిచ్చెన కావాలి. సబ్సిడీ కాగితాల్లో రాసే నంబర్లు, డాబా మీదున్న నంబర్లు ఒకటే అవునో కాదో అప్పుడే తెలుస్తుంది.